పన్నెండు వోల్టులు చూపించినా ఛార్జ్ కాని పడవ: ఒక కేస్ స్టడీ

36 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. కొచ్చి బోల్గాట్టి మరీనాలో జెట్టీకి కట్టి ఉంది. జనవరి నెల, ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా సోలార్ నుంచి బ్యాటరీకి ఒక్క ఆంప్ కూడా రావట్లేదన్నది ఫిర్యాదు. అప్పటికే ఒక మెకానిక్ వచ్చి, ప్యానెళ్ల వైర్లు కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సర్ది ఛార్జ్ చేసే పెట్టె) నుంచి ఊడదీసి మీటరు పెట్టి చూశాడు. 11.6 వోల్టులు వచ్చింది. పన్నెండు వోల్టుల ప్యానెల్ దాదాపు పన్నెండు ఇస్తోంది కాబట్టి ప్యానెళ్లు బాగున్నాయనీ, పోయింది కంట్రోలరేననీ తేల్చాడు. ఓనరు కొత్త కంట్రోలర్ కొన్నాడు. అది కూడా ఛార్జ్ చేయలేదు.

కేసంతా ఆ 11.6 లోనే ఉంది. పన్నెండు వోల్టుల ప్యానెల్ అనేది వాడుకలో ఉన్న పేరు మాత్రమే. పన్నెండు వోల్టుల బ్యాటరీని ఛార్జ్ చేయగలదని దాని అర్థం. అందులో 36 సెల్స్ సిరీస్‌లో, అంటే వోల్టేజీలు కూడేలా ఒకదాని వెనుక ఒకటిగా ఉంటాయి. ఏ లోడూ లేకుండా ఎండలో పెడితే 20 వోల్టుల చుట్టుపక్కల రావాలి. 11.6 వచ్చిందంటే సగం పోయిందని లెక్క.

పడవలో ఉన్న సామాను ఇది. వెనుక స్టెయిన్‌లెస్ స్టీల్ ఆర్చ్ మీద 175 వాట్ల ప్యానెళ్లు రెండు, పక్కపక్కన. లేబుల్ మీద అంకెలు: ఓపెన్ సర్క్యూట్ (ఏ లోడూ లేనప్పటి) వోల్టేజి 21.9, పని చేసే వోల్టేజి 18.3, షార్ట్ సర్క్యూట్ కరెంటు (రెండు వైర్లూ నేరుగా కలిపితే పారేది) 10.1 ఆంప్స్. అక్కడి నుంచి కింద లాకర్‌లో ఉన్న కంట్రోలర్ దాకా 9 మీటర్ల దూరం, 4 చదరపు మిల్లీమీటర్ల టిన్నింగ్ చేసిన కేబుల్ ఒకే జత. కంట్రోలర్ విక్ట్రాన్ కంపెనీ 100/30 ఎంపీపీటీ, అంటే ప్యానెల్ నుంచి గరిష్ఠ శక్తి లాగే రకం. కొత్తగా కొన్నదీ అదే మోడల్. బ్యాటరీలు 110 ఆంప్ అవర్ ఏజీఎంలు (సీలు చేసిన లెడ్ ఆసిడ్ రకం) రెండు, ప్యారలల్‌లో, అంటే ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి కలిపి.

మీటరు ముట్టుకోకముందే సగం సమాధానం దొరికింది. తీసి పక్కన పడేసిన పాత కంట్రోలర్‌కి విడిగా ఒక బ్యాటరీ తగిలించి ఫోన్ యాప్‌లో చూస్తే, గత 30 రోజుల చరిత్ర చెక్కుచెదరకుండా ఉంది. రోజువారీ ఉత్పత్తితో పాటు ఆ రోజు ప్యానెళ్ల గరిష్ఠ వోల్టేజి కూడా అందులో ఉంటుంది. ఆ రెండో అంకెను ఎవరూ చూడరు. ఇక్కడ దాన్నే చూడాలి. మొదటి పన్నెండు రోజులు గరిష్ఠ వోల్టేజి 41, 42 మధ్య, ఉత్పత్తి రోజుకి 1.2 నుంచి 1.3 యూనిట్లు. పదమూడో రోజు వోల్టేజి హఠాత్తుగా 31.5కి పడింది, ఉత్పత్తి 0.95. ఆ తర్వాత తొమ్మిది రోజులు అదే వరస. ఆపైన వోల్టేజి 12.3, ఉత్పత్తి సున్నా. అక్కడితో చరిత్ర ఆగిపోయింది, ఎందుకంటే కంట్రోలర్‌ని పీకేశారు.

42 నుంచి 31.5కి పడటమంటే సరిగ్గా నాలుగో వంతు పోవడం. కనెక్టర్ తుప్పు పడితేనో కేబుల్ చివికితేనో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి ఇలా లెక్క ప్రకారం తగ్గదు. రెండు ప్యానెళ్లు సిరీస్‌లో ఉంటే మొత్తం 72 సెల్స్. అందులో నాలుగో వంతు 18. ఒక్కో ప్యానెల్‌లో బైపాస్ డయోడ్లు (నీడ పడ్డ సెల్స్‌ని తప్పించి కరెంటుకి పక్కదారి ఇచ్చేవి) రెండు ఉంటాయి, ఒక్కోటి 18 సెల్స్‌కి అడ్డంగా. అంటే ఒక డయోడ్ షార్ట్ అయి, తన 18 సెల్స్‌ని లెక్కలోంచి తీసేసింది. ఓనరును అడిగితే మిగతా కథ తెలిసింది. ఉత్పత్తి తగ్గిందని పిలిస్తే వచ్చిన మెకానిక్ అది నీడ వల్ల అనుకుని, పడవల మీద ప్యారలలే మంచిదని సిరీస్‌ని ప్యారలల్‌గా మార్చాడు. మార్చాక పావు వంతు నష్టం కాస్తా పూర్తి నష్టమైంది.

అదెలాగో చూద్దాం. బాగున్న ప్యానెల్ విడిగా ఉంటే వేడిలో 19.7 వోల్టులు ఇస్తుంది. డయోడ్ షార్ట్ అయిన ప్యానెల్‌లో మిగిలింది 18 సెల్స్, దాని వోల్టేజి 9.8. రెండింటినీ ప్యారలల్‌లో కలిపితే వోల్టేజి పదికి మించి లేచేసరికే ఆ 18 సెల్స్ కరెంటు ఇవ్వడం మానేసి తాగడం మొదలుపెడతాయి. సోలార్ సెల్ అంటే మూలంలో ఒక డయోడే. ముందు దిశలో వోల్టేజి పెరిగితే ఎంతైనా మింగుతుంది. బాగున్న ప్యానెల్ ఇచ్చే 8, 9 ఆంప్స్ మొత్తం పక్క ప్యానెల్‌లోకే పోతాయి. రెండూ కలిసి 11.6 దగ్గర రాజీ పడతాయి. ఈ కంట్రోలర్ పని మొదలుపెట్టాలంటే ప్యానెల్ వోల్టేజి బ్యాటరీ కంటే 5 వోల్టులు ఎక్కువ ఉండాలి. బ్యాటరీ 12 దగ్గరుంటే 17 కావాలి. 11.6కి అది కదలదు. అలా కదలకపోవడమే సరైన పని.

ఇక కొలతలు. ముందు జాగ్రత్తల్లో రెండే ముఖ్యం. ఊడదీసేటప్పుడు మొదట ప్యానెల్ వైపు, తర్వాత బ్యాటరీ వైపు. బిగించేటప్పుడు దీనికి తలకిందులు. ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్‌ని కరెంటు పారుతుండగా లాగకూడదు. విడిపోయే కొసల మధ్య లేచే డీసీ ఆర్క్ (మెరుపు) తనంతట ఆరదు, లోపలి పిన్ను కాలిపోతుంది. మందపాటి టార్పాలిన్ కప్పి, లేదా కంట్రోలర్ వైపు సర్క్యూట్ తెరిచి, అప్పుడు లాగాలి. మీటరుకు తాడు కట్టి మెడలో వేసుకోవడం కూడా మంచిది. ఆర్చ్ మీద నుంచి జారితే నేరుగా నీళ్లలోకే.

మామూలు మల్టీమీటర్ల 10 ఆంప్స్ జాక్ లోపల 10 ఆంప్స్ ఫ్యూజే ఉంటుంది. ఈ ప్యానెల్ ఒక్కటే 10.1 ఇవ్వగలదు, రెండు ప్యారలల్‌లో ఉంటే ఫ్యూజ్ ఎగిరిపోవడం ఖాయం. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) కావాలి. ఇళ్ల వైరింగ్ వాళ్ల దగ్గరుండే చవక క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, ప్యానెల్ వైరుకి పెడితే సున్నా చూపిస్తాయి. ఆ సున్నాను నమ్మి ప్యానెల్ చచ్చిపోయిందనుకునే వాళ్లూ ఉన్నారు.

ప్యారలల్ చేయడానికి పెట్టిన వై కనెక్టర్లు విప్పి రెండు ప్యానెళ్లను విడదీసి, మధ్యాహ్నం ఎండలో కొలిస్తే ఎడమ ప్యానెల్ 19.7 వోల్టులు, కుడి ప్యానెల్ 9.8. లేబుల్ మీద 21.9 ఉంటే 19.7 ఏమిటన్న అనుమానం అక్కర్లేదు. లేబుల్ అంకె సెల్ 25 డిగ్రీలున్నప్పటిది. కొచ్చి ఎండలో సెల్ 60 డిగ్రీలకు చేరుతుంది, డిగ్రీకి సుమారు 0.3 శాతం తగ్గుతుంది. 35 డిగ్రీలకు పది శాతం పైచిలుకు. కాబట్టి 19.7 ఆరోగ్యమే.

తర్వాత షార్ట్ సర్క్యూట్ కరెంటు. ప్యానెల్‌ని కప్పి, దాని రెండు వైర్ల కనెక్టర్లను ఒకదానిలో ఒకటి గుచ్చి, కప్పు తీసి, క్లాంప్ పెట్టాలి. విప్పేటప్పుడు మళ్లీ కప్పే విప్పాలి. ఎడమది 8.6 ఆంప్స్, కుడిది 8.5. పాడైన ప్యానెల్ కూడా ఈ పరీక్షలో పాసైపోయిందని గమనించాలి. 18 సెల్స్ మిగిలినా వాటి కరెంటు వాటికుంటుంది, డయోడ్ షార్ట్ దాన్ని తగ్గించదు. కరెంటు పరీక్ష ఒక్కటే చేసే వాళ్లకి ఈ తప్పు ఎప్పటికీ దొరకదు.

కుడి ప్యానెల్ జంక్షన్ బాక్స్ (డయోడ్లు ఉండే పెట్టె) మూత తెరవగానే చూడాల్సింది రంగు. ఒక డయోడ్ కింద ప్లాస్టిక్ టీ డికాషన్ రంగుకి మారి ఉంది, రెండోదాని కింద మామూలు నలుపే. టెర్మినళ్లు మూడు: నెగెటివ్, మధ్యది, పాజిటివ్. డయోడ్ల మీద తెల్ల గీత ఉన్న కొస పాజిటివ్ వైపుకే ఉంటుంది. ప్యానెల్‌ని చీకటి చేసినట్టు కప్పి, మీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి చూడాలి. కప్పకపోతే సెల్స్ వోల్టేజి కలిసి రీడింగ్ అర్థం కాకుండా పోతుంది. బాగున్నది ఒక దిశలో 0.19, రెండో దిశలో ఓఎల్ (కరెంటు పారట్లేదని అర్థం). పాడైంది రెండు దిశల్లోనూ 0.002. పీకి బయట కొలిచినా అదే.

డయోడ్ ఇలా షార్ట్ కాకుండా తెగిపోయే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు వోల్టేజీ కరెంటూ రెండూ మామూలుగానే ఉంటాయి, ఏ కొలతా పట్టివ్వదు. దానికి ఒకటే పరీక్ష. సిరీస్‌లో లోడు మీద నడుస్తుండగా, అనుమానమున్న సగంలో ఒక సెల్‌ని అట్టముక్కతో పూర్తిగా మూయాలి. డయోడ్ ఉంటే వోల్టేజి సుమారు 8 వోల్టుల మేర తగ్గి కరెంటు నిలబడుతుంది. తెగిపోయి ఉంటే కరెంటు కుప్పకూలుతుంది. ఎక్కువసేపు మూసి ఉంచకూడదు, ఆ సెల్ కాలుతుంది. మిగిలిన మూడు డయోడ్లకూ ఈ పరీక్ష చేస్తే బాగానే తేలాయి.

ఒక్కటే ఎందుకు పోయింది? ఆర్చ్‌కి కుడి మూలన గాలిమర స్తంభం ఉంది. మధ్యాహ్నం నుంచి దాని నీడ కుడి ప్యానెల్ లోపలి సగం మీద పడుతుంది. లంగరు వేసుకున్న పడవ గాలికి, ప్రవాహానికి తిరుగుతూ ఉంటుంది కాబట్టి నీడ కూడా తిరుగుతుంది, భారం అన్ని డయోడ్ల మీదా పంచుకుంటుంది. మరీనాలో కట్టేసిన పడవ నెలల తరబడి ఒకే దిక్కుకి చూస్తుంది. రోజూ అదే గంటకి అదే సగం, అదే డయోడ్. 9 ఆంప్స్, 0.4 వోల్టులు అంటే దాదాపు 4 వాట్ల వేడి. బాక్స్ కింద గాలి ఆడుతుంటే దాన్ని తట్టుకుంటుంది. ఇక్కడ వైర్లు కనపడకుండా అందంగా ఉండాలని ఆర్చ్ అడుగున అల్యూమినియం రేకు బిగించారు. వేడి పోయే దారి మూసుకుపోయింది. పైగా బైపాస్‌కి వాడిన ఈ షాట్కీ రకం డయోడ్లకి ఒక బలహీనత ఉంది. కాగిపోయి ఉన్నప్పుడు వెనుక దిశలో లీకేజీ బాగా పెరుగుతుంది. నీడ చటుక్కున తొలగి వెనుక వోల్టేజి పడితే ఆ లీకేజీ ఇంకా వేడి పుట్టిస్తుంది, వేడి ఇంకా లీకేజీని పెంచుతుంది, చివరికి షార్ట్.

అల్యూమినియం రేకు తీసేశారు. కుడి ప్యానెల్‌లో రెండు డయోడ్లూ మార్చారు, ఎందుకంటే రెండోది కూడా అదే పెట్టెలో అదే వేడి తిన్నది. పాతవి 15ఎస్‌క్యూ045, అంటే 15 ఆంప్స్, 45 వోల్టులు. కొత్తవి 20ఎస్‌క్యూ045. ఎర్నాకుళం పల్లిముక్కు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే చిన్న సరుకే. కాళ్లని క్లిప్పుల్లోకి నెట్టి వదిలేయకుండా టంకం పెట్టాలి. మూత సీల్ చేసే సిలికాన్ న్యూట్రల్ క్యూర్ రకమే అయి ఉండాలి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆసిడ్ వదులుతుంది, మూసిన పెట్టెలో రాగిని తినేస్తుంది. గ్లాండ్ (కేబుల్ పెట్టెలోంచి బయటికొచ్చే చోటి బిగింపు) నుంచి వచ్చే కేబుల్ కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. జంక్షన్ బాక్స్ లోపలంతా రెసిన్ పోసేసిన ప్యానెళ్లలో ఈ రిపేరు కుదరదు, ప్యానెల్ మార్చుకోవాల్సిందే. చేపల చెరువు గట్టు మీద షెడ్డుకీ, పొలం కంచె మెషీన్లకీ పెట్టే 36 సెల్స్ ప్యానెళ్లలోనూ సాధారణంగా ఇవే రెండు డయోడ్లు. వోల్టేజి సగమైతే పడేసే ముందు మూత తెరిచి చూడొచ్చు.

ఇప్పుడు సిరీస్ పెట్టాలా, ప్యారలల్ పెట్టాలా? పడవల వాళ్లలో ఎక్కువ మంది నీడ పేరు చెప్పి ప్యారలల్ అంటారు. ఈ పడవకి అది తప్పు సలహా. లెక్క చూడండి. వేడిలో ప్యానెల్ పని చేసే వోల్టేజి 18.3 నుంచి 15.8 దాకా దిగుతుంది. ప్యారలల్‌లో 18 ఆంప్స్ ఒకే జత కేబుల్‌లో పోతే, రానూపోనూ 18 మీటర్లకి 92 మిల్లీ ఓమ్‌ల మీద 1.65 వోల్టుల నష్టం. కంట్రోలర్‌కి చేరేది 14.2. బ్యాటరీ 14.4కి ఎక్కాలి, కంట్రోలర్ నడుస్తూ ఉండాలంటే దానికంటే ఇంకో వోల్టు పైన ఉండాలి. అంటే బ్యాటరీ నిండబోయే సమయానికి, సరిగ్గా మిట్టమధ్యాహ్నం, కంట్రోలర్ ఊపిరి అందక కొట్టుకుంటుంది. ప్యానెళ్లు తమ అసలు వోల్టేజి దగ్గర పని చేయవు. సిరీస్‌లో కరెంటు సగం, కేబుల్ నష్టం 0.83 వోల్టులు, అదీ 31 వోల్టుల మీద. స్తంభం నీడ పడ్డా 18 సెల్స్ పక్కకు తప్పుకుని 54 సెల్స్ పని చేస్తాయి, వోల్టేజి ఇంకా బ్యాటరీకి చాలా పైనే. 36 సెల్స్ ప్యానెల్ ఒంటరిగానో ప్యారలల్‌గానో ఉన్నప్పుడు బైపాస్ డయోడ్ ఉన్నా లేకున్నా ఒకటే. సగం ప్యానెల్ వోల్టేజితో బ్యాటరీ ఎలాగూ ఎక్కదు. డయోడ్లు పనికొచ్చేది సిరీస్‌లోనే. చల్లటి పొద్దున కూడా మొత్తం 44 వోల్టులు దాటదు, కంట్రోలర్ పరిమితి 100.

కాబట్టి మళ్లీ సిరీస్. వై కనెక్టర్లు రెండూ తీసేశారు. అవి ప్యానెల్ కనెక్టర్ల కంపెనీవి కాదు. పైకి టక్కున కూర్చున్నట్టే ఉన్నాయి కానీ ఒకదాంట్లో పిన్ను ప్లాస్టిక్‌తో సహా మెత్తబడింది. రెండు కంపెనీల ఎంసీ4లు కలపకూడదన్నది ఊరికే చెప్పే మాట కాదు, పిన్ను కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా స్పర్శ తగ్గి వేడెక్కుతుంది. చివరలు కోసి, ఒకే తయారీ కనెక్టర్లు, సరైన క్రింపింగ్ టూల్ (పిన్నును వైరుకి నొక్కి బిగించే పనిముట్టు)తో వేసి, చేత్తో గట్టిగా లాగి చూశారు.

బిగించాక మధ్యాహ్నం ప్యానెల్ వైపు 31.5 వోల్టులు, 7.9 ఆంప్స్, అంటే 249 వాట్లు. అప్పటి ఎండకీ వేడికీ వేసుకున్న అంచనా 255. ఫిర్యాదు వరకు చూస్తే పని అయిపోయినట్టే. కానీ కంట్రోలర్ బ్యాటరీ వోల్టేజి 13.72 అంటోంది, బ్యాటరీ పోస్టుల మీద మీటరు 13.10 అంటోంది. 1.6 మీటర్ల కేబుల్‌లో 0.62 వోల్టులు ఎక్కడికి పోయాయి?

ఇది వెతకడానికి ఓమ్ మీటరు పనికిరాదు, ఇంత తక్కువ రెసిస్టెన్స్ దానికి కనపడదు. కరెంటు పారుతుండగానే మీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక్కో ముక్క రెండు కొసల మీద ప్రోబులు ఆనించుకుంటూ పోవాలి. 17.6 ఆంప్స్ దగ్గర: పాజిటివ్ కేబుల్ 0.06. ఫ్యూజ్ హోల్డర్ 0.44. నెగెటివ్ కేబుల్ 0.06. నెగెటివ్ బస్‌బార్ (మైనస్ వైర్లు కలిసే లోహపు పట్టీ) దగ్గర లగ్ (కేబుల్ కొసనుండే లోహపు కన్ను) 0.06. మొత్తం 0.62. హోల్డర్ బండి సామాన్ల దుకాణంలో దొరికే బ్లేడ్ ఫ్యూజ్ రకం, 30 ఆంప్స్ కంట్రోలర్‌కి 30 ఆంప్స్ బ్లేడ్. తెరిస్తే ఒక కాలి దగ్గర పచ్చటి తుప్పు. 0.44 వోల్టులు, 17.6 ఆంప్స్ అంటే దాదాపు 8 వాట్లు ఆ బొటనవేలంత ప్లాస్టిక్‌లో కాగుతున్నాయి.

నష్టం ఆ 8 వాట్లతో ఆగదు. కంట్రోలర్ తన టెర్మినల్ దగ్గర 14.4 చూడగానే బ్యాటరీ అబ్సార్ప్షన్‌కి (వోల్టేజిని నిలిపి మిగతాది నింపే చివరి దశకి) వచ్చిందనుకుని గడియారం మొదలుపెడుతుంది. నిజానికి బ్యాటరీ అప్పుడు 13.8 దగ్గరే ఉంది. కరెంటు తగ్గే కొద్దీ ఈ తేడా తగ్గేదే, కానీ ఫ్రిజ్ 5 ఆంప్స్ లాగుతూనే ఉంటే అది పూర్తిగా పోదు. ఏజీఎం రోజూ అరకొరగా నిండి లోపలి పలకల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. బ్యాటరీ దగ్గర వోల్టేజి చూసి వైర్‌లెస్‌గా చెప్పే సెన్సర్లు దొరుకుతున్నాయి. అది పెడితే అంకె సరిపోతుంది, హోల్డర్ మాత్రం అలాగే కాలుతూ ఉంటుంది. ముందు హోల్డర్, ఆ తర్వాతే సెన్సర్. ఇక్కడ బోల్టుతో బిగించే 40 ఆంప్స్ మిడి ఫ్యూజ్ పెట్టి, లగ్ కొత్తగా క్రింప్ చేస్తే మొత్తం నష్టం 0.15కి దిగింది.

పక్షం రోజులకు పైగా ఛార్జ్ లేక బ్యాటరీలు 11.7కి పడిపోయి ఉన్నాయి. జెట్టీ కరెంటు మీద 24 గంటలు ఛార్జ్ చేసి, 12 గంటలు వదిలేసి, 11 ఆంప్స్ లోడుతో 10.5 వోల్టుల దాకా దించితే 15 గంటల 20 నిమిషాలు వచ్చింది. 220కి 169 ఆంప్ అవర్లు, అంటే 77 శాతం. మార్చాల్సిన అవసరం ఇంకా రాలేదు. రాత్రి ఫ్రిజ్ లెక్క మాత్రం ఇకనుంచి 169 మీదే వేసుకోవాలి.

తీసేసిన పాత కంట్రోలర్‌లో ఏ లోపమూ లేదు. దాన్ని సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి స్పేర్‌గా ఉంచారు, దాని పక్కనే 20ఎస్‌క్యూ045 డయోడ్లు రెండు. లాకర్ తలుపు లోపలివైపు లామినేషన్ చేసిన చీటీ ఒకటి అతికించారు:

"ప్యానెళ్ల వైర్లు ఊడదీసి ఎండలో కొలిస్తే 39 నుంచి 42 రావాలి. 30 దగ్గరుంటే ఒక డయోడ్ షార్ట్. 20 దగ్గరుంటే రెండు డయోడ్లు షార్ట్, లేదా ఎవరో మళ్లీ ప్యారలల్ చేశారు. 12 దగ్గరుంటే ప్యారలల్ చేశారు, అందులో ఒక డయోడ్ షార్ట్, కంట్రోలర్ కొనొద్దు."